ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు: అర్హతను దేనితో కొలవాలి?

సొంత ఇల్లు అమ్మడం చాలా కుటుంబాల్లో జీవితకాలంలో ఒకటి రెండుసార్లే జరుగుతుంది. ఏజెంటుకు అది రోజూ ఉండే పని. ఏ వీధిలో గజం ఎంత పలుకుతుందో, ఏ కాగితం లేకపోతే బ్యాంకు లోను ఆగుతుందో, కొనడానికి వచ్చిన పార్టీ నిజంగా కొంటుందో లేదో అతనికి తెలిసినంతగా యజమానికి తెలియదు. అందుకే ఏజెంటు అవసరం పడుతుంది. ఆ తేడా వల్లే అతన్ని ఎంచుకోవడమూ కష్టమవుతుంది. తనకు తెలియని పనిలో ఎవరు సమర్థుడో యజమాని ఎలా తేల్చుకోవాలి?

గత పదేళ్లలో ఈ ప్రశ్న మరింత చిక్కుపడింది. రియల్ ఎస్టేట్ రంగాన్ని నియంత్రించే రెరా చట్టం వచ్చింది. పోర్టళ్లు పెరిగాయి. యూట్యూబ్ వీడియోల్లో ఇళ్లు చూపించే కొత్త తరం ఏజెంట్లు వచ్చారు. అమెరికాలో దశాబ్దాలుగా నడిచిన కమీషన్ పద్ధతి కోర్టులో ఓడిపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్నవాడే అర్హుడని కొందరు, ఏరియా తెలిసినవాడే అర్హుడని కొందరు, అసలు ఏజెంటే వద్దని మరికొందరు అంటున్నారు. ఈ వాదాలను ఒకచోట పెట్టి, ఏది ఎంతవరకు నిలుస్తుందో, ఏది ఇంకా తేలలేదో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

పెద్దమనిషి నుంచి పోర్టల్ దాకా

ఊళ్లో ఇల్లో పొలమో చేతులు మారేటప్పుడు ఒకప్పుడు మధ్యన నిలబడేది ఊరి పెద్దమనిషి, లేదా దస్తావేజు లేఖరి. ఇరుపక్షాలూ తెలిసినవాళ్లే. మాట తప్పితే మళ్లీ అదే ఊళ్లో తలెత్తుకు తిరగాలి కాబట్టి ఆ భయమే పూచీకత్తుగా పనిచేసేది.

నగరాలు పెరగడంతో ఆ పూచీకత్తు పోయింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాద్ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పరుచుకుంది. అమ్మేవారు ఒక జిల్లావారు, కొనేవారు మరో రాష్ట్రంవారు. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రకటనతో విజయవాడ, గుంటూరు మధ్య కూడా ఇదే పరిస్థితి వచ్చింది. మధ్యవర్తిత్వం పూర్తికాలపు వృత్తి అయింది. అందులోకి రావడానికి చదువు, పరీక్ష, అనుమతి ఏవీ అక్కర్లేకపోయాయి.

మరోవైపు 2005లో నైంటీనైన్ ఏకర్స్, 2006లో మ్యాజిక్‌బ్రిక్స్, 2014లో నోబ్రోకర్ వంటి వేదికలు వచ్చాయి. కొనేవారిని వెతికిపెట్టడం అనే పని బ్రోకర్ ఒక్కడి సొత్తుగా మిగల్లేదు. దాంతో అతనికి ఇచ్చే కమీషన్ దేనికి అన్న ప్రశ్న మొదలైంది.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

2016లో పార్లమెంటు ఆమోదించిన రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఈ కేంద్ర చట్టం బ్రోకర్ వృత్తిని నిర్వచించింది. కమీషన్ తీసుకుని ఒకరి తరఫున మరొకరితో స్థలం, ఫ్లాటు, భవనం బేరం నడిపేవారంతా, ఏ పేరుతో పిలిచినా, ఆ నిర్వచనంలోకి వస్తారు. ఏ మాధ్యమం ద్వారానైనా అమ్మేవారినీ కొనేవారినీ కలిపేవారిని కూడా అది చేర్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు.

అయితే నిర్వచనం ఎంత విశాలమో రిజిస్ట్రేషన్ బాధ్యత అంత విశాలం కాదు. రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపే ఏజెంట్లకే చట్టం 9వ సెక్షన్ ఆ బాధ్యతను ముడిపెట్టింది. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లు మించనివి అసలు నమోదు కానక్కర్లేదు. చట్టం రాకముందే పూర్తయిన భవనాలదీ అదే దారి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ల ఫ్లాటు, రాజమండ్రిలో తాతల నాటి డాబా ఇల్లు అమ్మేవారికి రెరా కవచం నేరుగా దొరకదు. నిజానికి సొంత ఇల్లు అమ్మేవారిలో ఎక్కువమంది ఈ కోవకు చెందినవారే.

వారికి అక్కరకొచ్చేది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. ఏజెంటు యజమాని ఆదేశాల ప్రకారం నడుచుకోవాలని, తగిన నైపుణ్యం, శ్రద్ధ చూపాలని, లెక్క అప్పజెప్పాలని ఆ చట్టం చెబుతుంది. యజమానికి తెలియకుండా ఏజెంటు అదే వ్యవహారంలో సొంత బేరం చేసుకుని లాభపడితే, ఆ లాభాన్ని తనకిమ్మని అడిగే హక్కు 216వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. పనిలో దుష్ప్రవర్తనకు పాల్పడితే ఆ మేరకు ప్రతిఫలం రాదని 220వ సెక్షన్ చెబుతుంది. ఈ రక్షణలు ఒకటిన్నర శతాబ్దంగా ఉన్నాయి. కానీ వాటిని వాడుకోవాలంటే అతను మన ఏజెంటేనని రుజువుండాలి. నోటిమాట బేరాల్లో ఆ రుజువే ఉండదు.

నాలుగు వాదాలు

మొదటిది లైసెన్సు వాదం. వైద్యుడికీ వకీలుకూ ఉన్నట్టే ఇళ్లమ్మే ఏజెంటుకూ శిక్షణ, పరీక్ష ఉండాలని వీరంటారు. సింగపూర్ 2010లో ప్రత్యేక చట్టం, ప్రత్యేక మండలి తెచ్చింది. అక్కడ ఏజెంటు పేరు బహిరంగ రిజిస్టరులో ఉంటుంది, ఒకే బేరంలో ఇరుపక్షాల తరఫునా పనిచేయడానికి వీల్లేదు, అమ్మకపు సొమ్మును అతను చేత్తో తాకకూడదు. మన దేశంలో మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, యోగ్యతా పత్రం తప్పనిసరి చేసింది. అయితే బ్రిటన్‌లో ఇప్పటికీ ఏజెంటుకు లైసెన్సు పరీక్ష లేదు. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం, ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థలో తప్పనిసరి సభ్యత్వం మీదే అక్కడి వ్యవహారం నడుస్తోంది. లైసెన్సు కనీస స్థాయికి హామీ ఇస్తుంది. మన వీధిలో మన ఇంటికి తగిన ధర తెచ్చే నేర్పుకు అది హామీ కాదు.

రెండోది ఏరియా వాదం. కూకట్‌పల్లిలో దిట్ట అయినవాడు ఉప్పల్లో కొత్తవాడేనని, పరిచయాలే అసలు పెట్టుబడి అని వీరంటారు. ఇందులో బలముంది. ఒకే అపార్టుమెంటులో తూర్పు ముఖం ఫ్లాటుకూ దక్షిణ ముఖం ఫ్లాటుకూ ధర తేడా, మంజీరా నీళ్లు వచ్చే వీధికీ ట్యాంకర్ల వీధికీ తేడా స్థానికుడికే తెలుస్తాయి. కానీ స్థానికుడి సంబంధాలు కొనేవారితోనూ ఉంటాయి. అదే ఏరియాలో పదే పదే కొనే పెట్టుబడిదారు అతనికి రేపు కూడా కావాలి. ఒక్కసారి అమ్మి వెళ్లిపోయే యజమాని మళ్లీ అక్కర్లేదు.

మూడోది ఏజెంటు వద్దనే వాదం. ఫోటోలు మనమే తీసి పోర్టల్లో పెడితే కమీషన్ మిగులుతుందని దీని సారాంశం. దీనికి పరిశోధన ఆధారమూ ఉంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో యజమానులే నేరుగా అమ్మిన ఇళ్లను, ఏజెంట్ల ద్వారా అమ్ముడైన ఇళ్లను పోల్చి హెండెల్, నెవో, ఒర్టాలో-మాన్యే 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏజెంటు వల్ల అమ్మకపు ధర పెరిగినట్టు కనిపించలేదు. ఏజెంట్ల దారిలో ఇళ్లు త్వరగా అమ్ముడయ్యాయి. అయితే అక్కడ హక్కుల పరిశీలనకు టైటిల్ కంపెనీలు, బీమా ఉంటాయి. ఇక్కడ ఆ పని చాలావరకు అమ్మేవారి, కొనేవారి నెత్తినే పడుతుంది.

నాలుగోది ఒప్పందవాదం. ఏజెంటు మంచివాడా కాదా అని వెతకడం కన్నా, మన ప్రయోజనం కోసం పనిచేయక తప్పని షరతులు అతనికి పెట్టాలని వీరంటారు. ఆర్థికశాస్త్రం ఎక్కువగా ఈ వైపే మొగ్గుతుంది. షరతులు రాయడానికి కూడా కొంత తెలివిడి కావాలన్నది దీనికున్న పరిమితి.

కమీషన్‌లోని ముడి

హైదరాబాద్‌లో సాధారణంగా వినిపించేది అమ్మేవారి నుంచి ఒక శాతం, కొనేవారి నుంచి ఒక శాతం. కొన్నిచోట్ల రెండేసి శాతం. చట్టం నిర్ణయించిన రేటేమీ లేదు. ధర పెరిగితే తన వాటా కూడా పెరుగుతుంది కాబట్టి శాతం పద్ధతిలో ఏజెంటు మన మేలే కోరతాడని అనిపిస్తుంది. లెక్క వేస్తే అది అంత బలమైన ప్రోత్సాహం కాదు. కోటి రూపాయల ఇంటిని మరో రెండు నెలలు ఓపికపట్టి కోటి ఐదు లక్షలకు అమ్మితే యజమానికి ఐదు లక్షలు అదనం. ఒక శాతం కమీషన్ మీద ఏజెంటుకు దక్కేది ఐదు వేలు. ఆ ఐదు వేల కోసం రెండు నెలలు ఆగడం కన్నా నేడే బేరం ముగించి మరో ఇల్లు పట్టుకోవడం అతనికి లాభం.

ఈ తర్కాన్ని స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో ప్రాంతంలోని దాదాపు లక్ష అమ్మకాలతో పరీక్షించి 2008లో ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు ఇతరుల ఇళ్లకన్నా సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. ఆ తేడా అంతా ప్రోత్సాహం లోపం వల్లేనా, ఏజెంట్లకు ఓపికపట్టే స్థోమత ఎక్కువ కావడమూ ఒక కారణమా అన్నది చర్చనీయమే. దిశ మాత్రం స్పష్టం. తొందరపెట్టే సలహా విన్నప్పుడు దాని వెనక ఎవరి తొందర ఉందో యజమాని ఆలోచించుకోవాలి.

మన దగ్గర ఇంకో రెండు పద్ధతులు దీనికన్నా ప్రమాదకరం. ఒకటి, "మీ చేతికి ఇంత ఇస్తాను, పైన వచ్చింది నాది" అనే బేరం. ఇందులో యజమాని ధర తక్కువగా ఒప్పుకుంటే చాలు, మిగతాదంతా మధ్యవర్తికే. అసలు ధర ఎంత పలికిందో యజమానికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. రెండోది, కాస్త అడ్వాన్సు ఇచ్చి మధ్యవర్తే అగ్రిమెంటు రాయించుకుని, గడువులోపు ఎక్కువ ధరకు మూడో వ్యక్తి పేర రిజిస్ట్రేషన్ చేయించడం. మార్కెట్ పెరిగితే లాభం అతనిది, పడిపోతే ఇల్లు ఇరుక్కునేది యజమానిది. అతను కొనుగోలుదారుగా బహిరంగంగా వస్తే అభ్యంతరం లేదు. కానీ అప్పుడు అతను మన ఏజెంటు కాదు, ఎదుటి పార్టీ.

ఒకరికా, పదిమందికా

ఎక్కువమంది యజమానులు తెలిసిన బ్రోకర్లందరికీ చెప్పి ఉంచుతారు. ఎవరు తెచ్చినా మేలేనన్నది వారి ఆలోచన. దీనివల్ల ఒకే ఫ్లాటు పోర్టల్లో ఆరేడు ధరలతో కనిపిస్తుంది. ఎవరికీ బాధ్యత ఉండదు. రేపు ఇంకొకరు అమ్మేస్తారేమోనన్న అనుమానంతో ఖర్చు పెట్టి, సమయం పెట్టి పనిచేయరు. చివరికి పార్టీని మొదట చూపింది నేనంటే నేనని ఇద్దరు కమీషన్ అడుగుతారు.

ఒక్కరికే అప్పజెప్పే పద్ధతి అమెరికా, బ్రిటన్‌లలో మామూలు. బాధ్యత ఒకరిదే అవుతుంది, ఫోటోలు, ప్రకటనలు, చూపించడం శ్రద్ధగా జరుగుతాయి. ఆ ఒక్కరు సరైనవారు కాకపోతే ఇల్లు నెలలపాటు అటకెక్కుతుంది. రెండిటి మధ్య నిలిచే మార్గం గడువు పెట్టడం. 60 నుంచి 90 రోజులకు ఒకరికే అప్పజెప్పి, ఆలోగా ఎంతమంది చూశారో, ఎంత అడిగారో వారం వారం రాతలో చెప్పాలని షరతు పెట్టవచ్చు. గడువు ముగిశాక వదులుకునే స్వేచ్ఛ యజమానికి మిగులుతుంది.

ధర ఎవరికి తెలుసు

అన్నిటికన్నా లోతైన చిక్కు ధర సమాచారానిది. ఇంగ్లండ్, వేల్స్‌లలో భూమి రిజిస్ట్రీ 1995 నుంచి జరిగిన అమ్మకాల ధరలను బహిరంగంగా ఇస్తుంది. పక్కింటి ధర చూసుకుని ఏజెంటు మాటను ఎవరైనా సరిపోల్చుకోవచ్చు. మన దగ్గర ఇంటి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో విలువ కనిపిస్తుంది. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి 7.5 శాతం దాకా ఉండటంతో, పత్రంలో ప్రభుత్వ మార్కెట్ విలువకు దగ్గరగా రాసి మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకునే అలవాటు పాతుకుపోయింది. అందువల్ల పత్రంలోని అంకె అసలు ధర చెప్పదు. అసలు ధర బ్రోకర్ల నోళ్లలోనే ఉంటుంది. వారి పట్టుకు మూలం ఇదే.

స్థిరాస్తి బదిలీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. నగదు బేరానికి తోసే ఏజెంటు ప్రమాదాన్ని అమ్మేవారి మీద పెడుతున్నాడన్నమాట. కమీషన్‌ను కూడా బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకుంటే మూలధన లాభం లెక్కలో దాన్ని ఖర్చుగా మినహాయించుకోవచ్చు.

విదేశాల నుంచి అమ్మేవారు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి హైదరాబాద్ ఫ్లాటు, భీమవరం ఇల్లు అమ్మే తెలుగువారికి ఏజెంటు మీద ఆధారం ఎక్కువ. వారిని అన్నిటికన్నా జాగ్రత్తపడమనాల్సింది జీపీఏ (సాధారణ అధికార పత్రం) విషయంలో. సాధారణ అధికార పత్రం ద్వారా జరిగే అమ్మకాలు హక్కును బదలాయించవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. దగ్గరివారికి ఇచ్చే నిజమైన అధికార పత్రాలకు ఆ తీర్పు అడ్డురాదు. కాబట్టి సంతకం అధికారం ఫలానా ఇంటికి, ఫలానా పనికి మాత్రమే పరిమితం చేసి కుటుంబ సభ్యులకు ఇవ్వడం, బేరం నడిపే పనిని ఏజెంటుకు ఇవ్వడం, ఈ రెండిటినీ వేరుగా ఉంచాలి. పన్ను సంగతీ వేరే. ఇక్కడ నివసించేవారు 50 లక్షలకు తక్కువ కాకుండా అమ్మితే కొనేవారు ఒక శాతం మినహాయిస్తారు. ప్రవాసుల అమ్మకంలో ఆ పరిమితి ఉండదు, రేటూ చాలా ఎక్కువ. తక్కువ మినహాయింపుకు ముందే ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఈ మాట మొదటి సంభాషణలోనే చెప్పే ఏజెంటుకు పని తెలుసునని నమ్మవచ్చు.

అమెరికాలో ఇల్లున్న తెలుగువారికి అక్కడి మార్పు తెలిసుండాలి. అమ్మేవారే ఇరువైపుల ఏజెంట్లకూ కమీషన్ భరించే పద్ధతి మీద 2023 అక్టోబరులో మిస్సోరీ జ్యూరీ వ్యతిరేక తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో జాతీయ రియల్టర్ల సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి ఏజెంట్ల ఉమ్మడి ఇళ్ల జాబితాల్లో కొనేవారి ఏజెంటుకిచ్చే కమీషన్‌ను ప్రకటించడం ఆగిపోయింది. కొనేవారు తమ ఏజెంటుతో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఎవరి ఏజెంటుకు ఎవరు ఎంత ఇస్తున్నారో రాతలో ఉండాలన్నదే ఆ మార్పు సారం.

పోల్చి చూస్తే

లైసెన్సు: కనీస జవాబుదారీతనం ఇస్తుంది. పాత ఇళ్ల అమ్మకంలో దాని పట్టు తక్కువ. కొత్త ప్రాజెక్టులోని ఫ్లాటు అమ్మేవారు రెరా నంబరు తప్పక చూడాలి.

ఏరియా పరిచయం: ధర తెలుస్తుంది, కొనేవారు త్వరగా దొరుకుతారు. పక్షపాతం ప్రమాదం ఎక్కువ. స్వతంత్ర ఇళ్లు, స్థలాలు అమ్మేవారికి ఇది తప్పనిసరి.

ఏజెంటు లేకుండా: కమీషన్ మిగులుతుంది. సమయం, కాగితాల భారం మనదే. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న, గిరాకీ ఉన్న గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటుకు ఇది సాధ్యం.

రాతపూర్వక ఒప్పందం: పై మూడిటిలో ఏ దారి పట్టినా కలిసొస్తుంది. రాయించే ఓపిక ఉండాలి.

తేలని ప్రశ్నలు

రెరా నిర్వచనం పాత ఇళ్ల బ్రోకర్లను కూడా చేర్చినట్టు కనిపిస్తూ, రిజిస్ట్రేషన్ బాధ్యత వారిదాకా రాకపోవడం మొదటి ఖాళీ. రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని పూరించాలి. ఒకే బేరంలో ఇరుపక్షాల నుంచి కమీషన్ తీసుకోవచ్చా అన్నది రెండోది. సింగపూర్ కాదంది, అమెరికాలో చాలా రాష్ట్రాలు ముందే చెప్పి సమ్మతి తీసుకుంటే సరేనన్నాయి, మన దగ్గర చర్చే మొదలవలేదు. ఏ మాధ్యమం ద్వారానైనా అన్న మాట పోర్టళ్లకూ వర్తిస్తుందా అన్నది మూడోది. నాలుగోది కమీషన్ ఎప్పుడు చెల్లించాలన్నది. ప్రత్యేక ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ప్రతిఫలమని కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ అంటుంది. కానీ పని పూర్తవడమంటే పార్టీని చూపడమా, అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా అని గొడవలు పడేవారే ఎక్కువ. వీటన్నిటికీ వెనక ఉన్నది అసలు ధరలు బయటికి రాకపోవడం. పత్రంలోని ధర, చేతులు మారిన ధర ఒకటయ్యే రోజు దాకా ఏ నియంత్రణా పూర్తి ఫలితమివ్వదు.

యజమాని చేయగలిగింది

వ్యవస్థ మారేదాకా ఆగలేనివారికి ఈ సమీక్ష నుంచి తేలే కొలత ఒకటుంది. ఏజెంటు మొదట రేటు చెబుతున్నాడా, మొదట కాగితాలు అడుగుతున్నాడా చూడాలి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేఅవుట్ క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్), ఆస్తి పన్ను, బ్యాంకు లోను బాకీ, వారసుల వివరాలు, రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితా చూడకుండా ధర చెప్పేవాడు యజమానిని సంతోషపెట్టడానికి చెబుతున్నాడు. 2024లో హైదరాబాద్ చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), బఫర్ జోన్ గురించి కొనేవారు ముందే అడుగుతున్నారు. దానికి జవాబు సిద్ధం చేయించేవాడు పని తెలిసినవాడు.

కనీసం ముగ్గురితో మాట్లాడాలి. అదే ఏరియాలో ఇటీవల అమ్మిపెట్టిన ఇళ్ల యజమానులతో మాట్లాడించమని అడగాలి. అందరికన్నా ఎక్కువ ధర చెప్పినవాడికి ఆ కారణంతోనే ఇల్లు అప్పజెప్పకూడదు. ఆ ధరకు ఆధారమేమిటో అడగాలి. ఆ తరువాత ఒక్క పేజీ ఒప్పందం చాలు: అతను అమ్మేవారి తరఫునే పనిచేస్తాడు, కొనేవారి నుంచి ఏమైనా తీసుకుంటే ముందే చెబుతాడు, వచ్చిన ప్రతి ఆఫరూ యజమానికి తెలుపుతాడు, కమీషన్ ఇంత, రిజిస్ట్రేషన్ రోజున చెల్లించాలి, జీఎస్టీ ఉంటే ఎవరు భరించాలి, గడువు ఇన్ని రోజులు.

ఈ పేజీ మీద సంతకం పెట్టడానికి వెనకాడే ఏజెంటు ఎంత పేరున్నవాడైనా మన ఇంటికి అర్హుడు కాడు. సంతకం పెట్టినవాడు రేపు మాట తప్పితే 1872 నాటి చట్టమే మన చేతిలో ఆయుధమవుతుంది. నియంత్రణ సంస్థల నుంచి మరింత రక్షణ అడగడం మన హక్కు. అది వచ్చేలోగా ఉన్న రక్షణను రాతలో తెచ్చుకోవడం ఇల్లు అమ్మే ప్రతి కుటుంబం చేతిలోనే ఉంది.